మాటలు రాని పాప మనల్ని ఎలా అర్థం చేసుకుంటుందో ఇంట్లోనే గమనించడం ఎలా?

పోయిన ఎండాకాలం డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. రెండు చేతుల్లో తడి దుప్పటి. క్లిప్పు ఒకటి జారి కింద పడింది. వంగితే దుప్పటి మట్టిలో పడేలా ఉంది. మా చెల్లి కూతురు, ఏడాదిన్నర పిల్ల, అప్పటిదాకా బకెట్ నీళ్లలో చేతులు ఆడిస్తూ కూర్చుంది. క్లిప్పు వైపు చూసింది, నా చేతి వైపు చూసింది, లేచి తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి క్లిప్పు తీసి నా వేళ్ల మధ్య పెట్టింది. నేను అడగలేదు. అప్పటికి తనకు వచ్చిన మాటలు గట్టిగా పది కూడా ఉండవు.

పెద్దమ్మకు క్లిప్పు కావాలి, అందట్లేదు, నేను అందించగలను. ఇంత లెక్క ఆ బుర్రలో జరిగింది. 2006లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అనే మనస్తత్వ పరిశోధకులు సరిగ్గా ఇలాంటి పనులే పెట్టి చూశారు. అందులో బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడవడం కూడా ఒకటి. ఏడాదిన్నర పిల్లలు 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా వచ్చి సాయం చేశారు. పెద్దవాళ్లు క్లిప్పును కావాలనే విసిరేసినప్పుడు మాత్రం అలా పరుగెత్తుకు రాలేదు. ‘పడిపోయింది’ వేరు, ‘పారేసింది’ వేరు అని వాళ్లకు తెలుసు.

పిల్లలు ఎదుటివాళ్లను అర్థం చేసుకోవడం ఒక్క రోజులో వచ్చేది కాదు. ముందు చూపు, తర్వాత వేలు, ఆ తర్వాత మన ఉద్దేశం, మన ఇష్టం, చివరికి మనం పొరపాటు పడ్డామన్న సంగతి. దాదాపు ఈ వరసలోనే వస్తుంది. దీన్ని చూడడానికి ల్యాబ్ అక్కర్లేదు. పిల్లలున్న ఇల్లు, గేటు దగ్గర ఒక కుక్క, కాస్త ఓపిక చాలు. ఎలా చూడాలో, ఎక్కడ పొరబడతామో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదలుపెట్టే ముందు: హాన్స్ గుర్రాన్ని గుర్తుపెట్టుకోండి

1900ల తొలి ఏళ్లలో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే మాస్టారి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే గిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. ఆయన మోసగాడు కాదు, తన గుర్రానికి లెక్కలు వచ్చని నిజంగానే నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు అసలు సంగతి బయటపెట్టాడు. ప్రశ్న అడిగేవాళ్లకే జవాబు తెలియకపోతే గుర్రం తప్పు చెప్పేది. వాళ్లు కనబడకుండా చేసినా అంతే. సరైన అంకె రాగానే అడిగేవాళ్ల తల తెలియకుండానే రవ్వంత కదిలేది. గుర్రం దాన్ని చూసి తట్టడం ఆపేది. ఈ విషయం కనిపెట్టాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడట.

హాన్స్‌కు లెక్కలు రావు కానీ, మనుషుల్ని చదవడం ఎంత బాగా వచ్చో చూడండి. మన ఇంట్లో పాప, కుక్క కూడా అంతే. కాబట్టి ఏం చూడాలన్నా ముందు ఈ మూడు జాగ్రత్తలు తీసుకోండి.

పాపను ఒళ్లో పెట్టుకున్న వాళ్లు కళ్లు మూసుకోవాలి, లేదా పైకప్పు వైపు చూడాలి. అమ్మ చూపు ఏ గిన్నె మీద ఉందో పాప ఇట్టే పట్టేస్తుంది. రెండోది, ‘అర్థమైంది’, ‘సిగ్గుపడింది’ అని రాయకండి. ‘నా చేతిని చూసింది, మూడు సెకన్లు ఆగింది, క్లిప్పు తీసింది’ అని రాయండి. ఫోన్‌ను ఏ డబ్బాకో ఆనించి వీడియో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆ క్షణంలో మనకు కనబడనివి రెండోసారి చూస్తే కనబడతాయి. మూడోది, ఒకసారికి ఒక్కటే మార్చండి. కళ్లు మూసుకుంటే కళ్లు మాత్రమే, గొంతు మార్చకండి.

పాప కడుపు నిండి, నిద్ర తీరి ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ఐదు నిమిషాలు చాలు. మొహం తిప్పేసుకుంటే ఆ రోజుకు ఆపేయండి.

చూపును వెంబడించడం (తొమ్మిది నెలల నుంచి)

పాపకు ఎదురుగా కూర్చోండి. మీకు కుడి పక్కన ఒక బొమ్మ, ఎడమ పక్కన ఒక బొమ్మ, చేతికందనంత దూరంలో. పేరు పెట్టి పిలవండి. మీ కళ్లలోకి చూశాక మాట్లాడకుండా తలను ఒక బొమ్మ వైపు తిప్పి నాలుగైదు సెకన్లు అలాగే ఉండండి. పాప కూడా అటు తిరిగిందా? నాలుగుసార్లు, వైపు మారుస్తూ చేయండి.

ఇప్పుడు కళ్లు మూసుకుని తల తిప్పండి. ఈసారి వీడియోనే మీకు దిక్కు. రెషెల్ బ్రూక్స్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ చేసిన పరిశోధనల్లో తొమ్మిది నెలల పిల్లలు పెద్దవాళ్ల కళ్లు తెరిచి ఉన్నా మూసి ఉన్నా తల తిరిగిన వైపే తిరిగారు. పది, పదకొండు నెలలు వచ్చేసరికి కళ్లు తెరిచి ఉంటేనే ఎక్కువగా తిరిగారు. చూసేది తల కాదు, కళ్లు అన్న సంగతి ఆ నెలా రెండు నెలల్లో తెలిసివస్తుందన్నమాట. తొమ్మిదో నెలలో ఒకసారి, పదకొండో నెలలో ఒకసారి వీడియో తీసి పక్కపక్కన పెట్టి చూడండి.

వేలు చూపడం: అన్నిటికన్నా ముఖ్యమైనది

ఏడాది అటూ ఇటూగా పాప వేలు చూపడం మొదలుపెడుతుంది. అందులో రెండు రకాలున్నాయి. ‘అది కావాలి, ఇవ్వు’ అనేది ఒకటి. ‘అదిగో చూడు’ అనేది రెండోది. రెండూ ఒకేలా కనబడతాయి కానీ తేడా ఆ తర్వాత తెలుస్తుంది. పాప ఫ్యాన్ వైపు వేలు చూపిస్తే మీరు ఫ్యాన్ వంక చూసి, పాప వంక చూసి, ‘అవును, ఫ్యాన్ తిరుగుతోంది’ అనండి. తృప్తిపడి వేలు దించితే అది రెండో రకం. ఇంకోసారి పాప వేలు చూపినప్పుడు ఆ వస్తువు వంక చూడకుండా పాప మొహంలోకే చూసి నవ్వండి. మళ్లీ మళ్లీ చూపిస్తుందేమో గమనించండి. లైప్‌జిగ్ బృందమే 2004లో ఏడాది పిల్లలతో ఇది చేసి చూసింది. పెద్దవాళ్లు అటూ ఇటూ చూసి సంతోషం పంచుకుంటేనే పిల్లలు కుదుటపడ్డారు.

‘అదిగో చూడు’ అనడంలో పాపకు ఏ లాభమూ లేదు. తను చూసింది మనం కూడా చూడాలని, అంతే. మనవాళ్లు గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపించేది ఈ వయసులోనే. నలుగురూ ఒకే చందమామను చూస్తారు, పాప చందమామను చూసి, అమ్మ చూస్తోందో లేదోనని అమ్మ మొహం చూస్తుంది. ఆ వెనక్కి తిరిగే చూపు కోసం కాచుకోండి. ఫోన్ పెట్టి అన్నం తినిపిస్తే ఆ చూపుకు చోటే ఉండదు. ఇది నేను మా ఇంట్లో ఎన్నిసార్లు పోట్లాడి చెప్పానో.

ఇక్కడే ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడాది దాటి నెలలు గడుస్తున్నా పాప వేలు చూపకపోయినా, టాటా లాంటి సైగలు చేయకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ‘మగపిల్లలకు మాటలు లేటే’, ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు వచ్చాయి’ అని ఇంట్లో వాళ్లు అంటారు. మా చుట్టాల్లో ఒక బాబు విషయంలో అలాగే అనుకుని ఏడాదిన్నర కాలం పోగొట్టుకున్నాం. చెవి పరీక్షతో మొదలుపెట్టి ఏం చేయాలో డాక్టర్ చెబుతారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల కోసం ప్రత్యేక కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీ టీచర్‌నో ఏఎన్ఎంనో అడిగితే దారి చూపిస్తారు. మీరు తీసిన వీడియోలు అక్కడ చాలా ఉపయోగపడతాయి. అంతేకానీ ఈ ఆటలతో మీరే ఒక నిర్ణయానికి వచ్చి టెన్షన్ పడకండి, పక్కింటి పాపతో పోల్చకండి.

మీ మొహం చూసి అడుగు వేయడం (ఏడాది వయసు)

కీ ఇస్తే చప్పుడు చేస్తూ కదిలే కొత్త బొమ్మ తీసుకోండి. పాప ఎప్పుడూ చూసి ఉండకూడదు. బొమ్మ కదలగానే పాప ఆగి మీ మొహం చూస్తుంది. ఆ ఒక్క క్షణం కోసమే ఇదంతా. మీరు నవ్వితే దగ్గరికి వెళ్తుందా, మొహం మామూలుగా పెడితే ఏం చేస్తుంది? భయం నటించి పాపను ఏడిపించకండి, ఈ రెండూ చాలు.

1985లో జేమ్స్ సోర్స్, జోసెఫ్ క్యాంపోస్ తదితరులు ఇదే చూశారు. బల్ల మీద గాజు పలక, దాని కింద దాదాపు 30 సెంటీమీటర్ల లోతు కనబడేలా ఏర్పాటు. అటువైపు అమ్మ. అమ్మ నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది పిల్లలు పాక్కుంటూ దాటేశారు. అమ్మ మొహంలో భయం ఉంటే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. ఏం చేయాలో తెలియనప్పుడు పిల్లలకు అమ్మ మొహమే దారి. టీకా రోజు గుర్తొచ్చిందా? సూది కన్నా ముందు పాప చూసేది మిమ్మల్నే.

ఎందుకు చేశామో చూడడం (14 నెలలు)

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇది. తడితే వెలిగే చిన్న లైటు కావాలి. శాలువా కప్పుకుని, రెండు చేతులతో దాన్ని లోపలి నుంచి గట్టిగా పట్టుకుని, ‘అబ్బ, చలి’ అనండి. అప్పుడు వంగి నుదుటితో లైటు నొక్కి వెలిగించండి. కొంతసేపటికి లైటు పాప ముందు పెట్టండి. ఇంకో వారం, మరో పిల్లాడి ముందు, శాలువా కప్పుకుని చేతులు మాత్రం బయట బల్ల మీద ఖాళీగా పెట్టి, మళ్లీ నుదుటితోనే వెలిగించండి.

2002లో గ్యోర్గ్ గెర్గెయ్, హెరాల్డ్ బెకరింగ్, ఇల్డికో కిరాయ్ ఇలా చేస్తే, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు 69 శాతం మంది పిల్లలు తామూ తలతోనే నొక్కారు. చేతులు శాలువాలో ఇరుక్కున్నప్పుడు 21 శాతం మందే తల వాడారు, మిగతావాళ్లు చేత్తో నొక్కేశారు. ‘పాపం చేతులు ఖాళీ లేక తల వాడింది, నాకేం, నా చేతులు ఖాళీయే’ అన్నట్టు. చేతులు ఖాళీగా ఉండి కూడా తల వాడితే, అందులో ఏదో ఉందిలే అని తామూ అదే చేశారు. పిల్లలు ఎందుకు ఇలా చేస్తారన్న దాని మీద వాదాలున్నాయి. చేతులు బల్ల మీద ఆనించుకుంటేనే తలతో నొక్కడం సులువు, అందుకే అని కొందరంటారు. మీ ఇంట్లో ఒక పాప ఒకసారి చేసిన దాన్ని బట్టి తేల్చేయకండి.

నీకు నచ్చింది నాకు నచ్చకపోవచ్చు (14 నుంచి 18 నెలలు)

రెండు గిన్నెలు. ఒకదాంట్లో పాపకు ఇష్టమైన బిస్కెట్ ముక్కలు, ఇంకోదాంట్లో మెత్తగా ఉడికించిన కాకరకాయ ముక్కలు. రెండూ పాప రుచి చూడాలి, బిస్కెట్టే కావాలంటుంది. ఇప్పుడు మీరు బిస్కెట్ కొరికి మొహం చిట్లించి ‘ఛీ’ అనండి. కాకరకాయ తిని ‘అబ్బ, ఎంత బాగుందో’ అనండి. ఆ తర్వాత రెండు గిన్నెలూ పాప ముందుకు జరిపి, రెండింటికీ మధ్యలో చెయ్యి చాపి ‘నాకు పెట్టవా’ అని అడగండి. చెయ్యి ఏ గిన్నె వైపూ వాలకూడదు, చూపు పాప మొహం మీదే ఉండాలి.

1997లో బెట్టీ రెపషోలీ, ఆలిసన్ గోప్నిక్ అమెరికాలో బ్రకోలీతో చేసింది ఇదే. 14 నెలల పిల్లలు ఎక్కువమంది తమకిష్టమైన బిస్కెట్లే పెట్టారు. 18 నెలల పిల్లలు, తమకు నచ్చకపోయినా, ఎదుటి మనిషికి నచ్చిందే పెట్టారు. మా చెల్లి కూతురు 15 నెలల్లో నా నోట్లో బిస్కెట్ కుక్కింది. 19 నెలల్లో కాకరకాయ ముక్క తీసి, దాని వంక ఏవగింపుగా చూసి, నాకు పెట్టింది. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

తాతయ్యకు తెలియదు కదా (మూడు నుంచి ఐదేళ్లు)

ఇప్పుడు మాటలతో ఆట. పిల్లాడి ఎదురుగా తాతయ్య స్టీలు డబ్బాలో లడ్డు పెట్టి బయటికి వెళ్లాలి. మీరు ఆ లడ్డును తీసి బుట్టలో పెట్టి మూత వేయండి. ఇప్పుడు అడగండి: ‘తాతయ్య రాగానే లడ్డు కోసం ఎక్కడ వెతుకుతాడు?’

అడిగే తీరు చాలా ముఖ్యం. ‘ముందు ఎక్కడ వెతుకుతాడు’ అనకండి. మన భాషలో ‘ముందు’ అంటే ఎదురుగా అనీ, ఇంతకుముందు అనీ కూడా కదా, పిల్లలు తికమక పడతారు. ‘రాగానే’ అంటే సరిపోతుంది. ‘ఎక్కడ వెతకాలి’ అని కూడా అడగకండి, దానికి బుట్టే సరైన జవాబు. ఆ తర్వాత రెండు ప్రశ్నలు తప్పకుండా వేయండి: ‘తాతయ్య ఎక్కడ పెట్టాడు?’, ‘ఇప్పుడు ఎక్కడ ఉంది?’ ఈ రెంటిలో ఏది తప్పినా పిల్లాడికి కథ గుర్తులేదని అర్థం, ఆ రోజు లెక్కలోకి తీసుకోకండి.

మూడేళ్ల పిల్లలు మామూలుగా ‘బుట్టలో’ అంటారు. తమకు తెలిసింది తాతయ్యకూ తెలుసని వాళ్ల లెక్క. నాలుగు, ఐదేళ్లకు ‘డబ్బాలో! తాతయ్యకు తెలియదు కదా’ అని నవ్వుతారు. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ చాక్లెట్‌తో మొదటిసారి ఇలా అడిగారు. 2005లో తారా కలహన్ తదితరులు కెనడా, ఇండియా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్ పిల్లలతో ఇలాంటిదే చేస్తే, అన్నిచోట్లా ఐదేళ్లు వచ్చేసరికి ఎక్కువమంది సరిగ్గా చెప్పారు.

ఇంకో రకం మన ఇళ్లలో సిద్ధంగానే ఉంది. అందమైన బిస్కెట్ డబ్బా తెచ్చి ‘ఇందులో ఏముంది?’ అని అడగండి. ‘బిస్కెట్లు’ అంటాడు. మూత తీస్తే సూదీ దారం, గుండీలు. మూత పెట్టేసి, ‘మూత తీయకముందు ఇందులో ఏముందనుకున్నావు?’ అని అడగండి. మూడేళ్ల పిల్లాడు ‘సూదీ దారం’ అంటాడు. అబద్ధం ఆడుతున్నాడని కోప్పడకండి. తను ఇంతకుముందు వేరేగా అనుకున్నాడన్న సంగతే ఇంకా వాడికి చిక్కలేదు. నిన్న ఏం చేశావో చెప్పమని నిలదీసే పెద్దవాళ్లంతా ఈ డబ్బా ఆట ఒకసారి ఆడి చూడాలి.

15 నెలల పిల్లలకే ఇది లోలోపల తెలుసని, వాళ్లు ఎంతసేపు చూస్తారన్న దాన్ని బట్టి 2005లో క్రిస్టీన్ ఒనిషి, రెనే బయార్జాన్ చెప్పారు. ఆ తరహా ఫలితాలు కొన్ని తర్వాత వేరే చోట్ల మళ్లీ రాలేదు. చర్చ నడుస్తూనే ఉంది. చూపును సెకన్లలో కొలవడం ఇంట్లో కుదిరే పని కాదు, దాని జోలికి వెళ్లకండి.

గేటు దగ్గరి కుక్కతో

మీకు బాగా అలవాటైన కుక్కతోనే చేయండి. పిల్లలున్న తల్లికుక్క దగ్గరికి, కొత్త కుక్క దగ్గరికి వెళ్లకండి, చంటిపిల్లల్ని పక్కన ఉంచుకోకండి. కాటు పడినా గీరినా సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు గిన్నెలకూ చికెన్ ముక్క రుద్దండి, వాసన రెండింటికీ పట్టాలి. ముక్క మాత్రం ఒకదాంట్లోనే పెట్టి, రెండింటి మీదా అట్ట ముక్క మూయండి. మధ్యలో నిలబడి కుక్కను పిలిచి, ముక్క ఉన్న గిన్నె వైపు వేలు చూపండి. పదిసార్లు చేయండి, వైపు మాత్రం రూపాయి బిళ్ల ఎగరేసి నిర్ణయించండి. ఆ తర్వాత ఇంకో పదిసార్లు వేలు చూపకుండా, గిన్నెల వంక చూడకుండా. అప్పుడు కూడా సరైన గిన్నెకే వెళ్తుంటే అది ముక్కుతో కనిపెడుతోందని అర్థం.

చింపాంజీలకు ఈ పని కష్టం, కుక్కపిల్లలకు సులువు అని 2002లో బ్రయన్ హేర్ తదితరులు చూపించారు. పెంపుడు కుక్కల మాట సరే, మరి ఎవరూ నేర్పని వీధికుక్కలో? కోల్‌కతాలోని ఐసర్ అనే సైన్స్ విద్యా పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం 2020లో దాన్నే చూసింది. మనిషంటే బెదిరి చాలా కుక్కలు దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో దాదాపు 80 శాతం వేలు చూపిన గిన్నెకే వెళ్లాయి. రాళ్లు వేసే చేతినే ఇంత శ్రద్ధగా చదువుతున్నాయి అవి.

ఇక, చెప్పు కొరికిన కుక్క ‘తప్పు చేశానని’ తల దించుకుంటుందంటారు. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ తేల్చింది ఇది: తప్పు చేసినా చేయకపోయినా, యజమాని కోప్పడితేనే ఆ మొహం ఎక్కువగా వస్తుంది. ఏ తప్పూ చేయని కుక్కను కోప్పడినా అదే మొహం. అది మన కోపాన్ని చదివిన మొహం. సాయంత్రం ఇంటికొచ్చి పొద్దున కొరికిన చెప్పు చూపించి కొట్టకండి, మీరెందుకు కొడుతున్నారో దానికి తెలిసే దారి లేదు.

కాకులతో ఆట ఆడక్కర్లేదు, గమనిస్తే చాలు. డాబా మీద రొట్టె ముక్క తీసుకున్న కాకి దాన్ని పెంకుల సందునో, పూలకుండీలోనో దాచడం చూస్తారు. పక్కన ఇంకో కాకి ఉంటే ఏం చేస్తుంది? కాకి కుటుంబానికే చెందిన స్క్రబ్ జే అనే పక్షుల మీద కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన నేథన్ ఎమరీ, నికోలా క్లేటన్ 2001లో ప్రచురించిన పని చదివినప్పటి నుంచి నేను దీనికోసమే కాచుకుంటున్నాను. దాస్తుండగా ఇంకో పక్షి చూస్తే, అవి తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చి తిండిని వేరే చోటికి మార్చేవి. అదీ ఎప్పుడైనా తాము దొంగతనం చేసిన పక్షులే అలా మార్చేవి. తేదీ, వేళ, దాచిన చోటు, పక్కన ఎన్ని కాకులున్నాయి, తర్వాత అదే కాకి తిరిగి వచ్చిందా, ఇవి రాసుకోండి. రెక్కలో ఈక ఊడిందో, కాలు కుంటుతోందో, ఏదో ఒక గుర్తున్న కాకిని ఎంచుకుంటే అదే కాకా కాదా అన్న అనుమానం ఉండదు. మా డాబా మీదికి వచ్చే కుంటికాకి ఇప్పటికి మూడుసార్లు ముక్కను మార్చింది. రెండుసార్లు పక్కన ఇంకో కాకి ఉంది, ఒకసారి లేదు. ఇంకా రాస్తూనే ఉన్నాను.